తలుపు తట్టని బాబాయి

మా బాబాయికి ఒకటే జబ్బు. మూసి ఉన్నది ఏది కనిపించినా, తెరుచుకుంటుందేమో చూడకుండా ఉండలేడు. తలుపు, సొరుగు, పెట్టె, ఫోను, ఏదైనా సరే. పిన్నికి ఆపరేషన్ జరుగుతుంటే ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి, పావుగంటలో నర్సుల కంప్యూటర్ పాస్‌వర్డ్ కనిపెట్టేశాడు. డాక్టర్ బయటికి రాగానే ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పిన్ని ఎలా ఉందని అడిగాడు. ఆ వరస పిన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

అదృష్టం కొద్దీ ఈ జబ్బుకు జీతమిచ్చేవాళ్లున్నారు. కంపెనీల కంప్యూటర్లలో దొంగలు దూరే కంతలు ఎక్కడున్నాయో వాళ్లకంటే ముందే వెతికిపెట్టడం బాబాయి ఉద్యోగం. నేను పనిచేసే భవన నిర్మాణ కంపెనీకీ ఆయన్నే పిలిపించారు.

"మాది ఇటుకా సిమెంటూ వ్యాపారం. మా కంప్యూటర్లలో దొంగిలించడానికి ఏముంటుందండీ?" అన్నాడు యజమాని.

బాబాయి అప్పటికే ఆ గది గడియ ఆడించి చూస్తున్నాడు.

మర్నాడు నెత్తిన హెల్మెట్, చంకలో చుట్ట చుట్టిన ప్లాను, మొహం నిండా విసుగుతో వచ్చాడు. ఆ మూడూ చూసి వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. కాసేపటికి యజమాని సెల్‌ఫోన్ మోగింది. "నేనండీ, మీ కుర్చీలోంచి మాట్లాడుతున్నాను. మెత్తగా ఉంది."

మధ్యాహ్నానికల్లా, హెల్మెట్ పెట్టుకోమని చెప్పే ఎలక్ట్రానిక్ బోర్డు మీద 'ఈ బోర్డుకు పాస్‌వర్డ్ లేదు' అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి. మేస్త్రీలు అదేదో కొత్త నిబంధన అనుకుని హెల్మెట్లు మరికాస్త బిగించుకున్నారు.

మూడో రోజు ఫోన్లు మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా మా భవనాల ప్లాన్లన్నీ గీస్తున్న డ్రాఫ్ట్స్‌మన్‌ను మేం పెద్దాయన అంటాం. కంప్యూటర్ విభాగం నుంచి మాట్లాడుతున్నానని బాబాయి అనగానే, ఆయన తన పాస్‌వర్డ్ చెప్పేశాడు. అది మనవరాలి ముద్దుపేరు. మొదటి అక్షరం పెద్దది, తప్పు కొట్టేవు బాబూ అని రెండుసార్లు హెచ్చరించాడు కూడా. దాంతో ప్లాన్లన్నీ తెరుచుకున్నాయి. ఎవడైనా తలుచుకుంటే పదో అంతస్తు స్తంభాల్ని అగ్గిపుల్లలంత సన్నగా మార్చేయొచ్చు.

సంగతి విని యజమాని మండిపడ్డాడు. అందరినీ గదిలోకి పిలిచాడు. "పాస్‌వర్డ్ చెప్పిందెవరో పేరు చదవండి. రేపట్నుంచి అతను ఇంట్లో కూర్చుంటాడు."

నా పక్కన పెద్దాయన పెన్సిల్‌ను రెండు చేతులా పట్టుకుని బల్లకేసి చూస్తున్నాడు.

బాబాయి తాపీగా ఫైలు విప్పాడు. "చదువుతానండీ. కాకపోతే వరసగా చదవాలి. మొదటి పేరు మీది. మొదలుపెట్టనా?"

యజమాని గ్లాసెడు మంచినీళ్లు గుక్కతిప్పుకోకుండా తాగాడు. పేర్లదేముంది, అందరికీ నేర్పించడం ముఖ్యమని తనే తీర్మానించి సమావేశం ముగించాడు.

మెట్లు దిగుతూ, యజమాని నిజంగానే చెప్పేశాడా అని అడిగాను.

"నేనాయనకు ఫోనే చెయ్యలేదురా" అన్నాడు బాబాయి. ఫైలు లాక్కుని చూశాను. అందులో ఎవరి పేరూ లేదు.

ఆ తర్వాత రోజుకో గొంతుతో పెద్దాయనకు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఒకరోజు బ్యాంకు మేనేజరు, ఒకరోజు క్రేన్ కంపెనీవాడు. మొదటి మూడు రోజులూ పెద్దాయన మర్యాదగా పాస్‌వర్డ్ చెప్పాడు. బాబాయి ప్రతిసారీ రెండు కప్పుల టీతో వెళ్లి, పక్కన కూర్చుని, ఎక్కడ బోల్తా పడ్డాడో ఓపిగ్గా వివరించేవాడు.

తొమ్మిదో రోజు మళ్లీ ఫోన్ మోగింది. కొత్త ప్లాను తెరుచుకోవడం లేదు, నీ పాస్‌వర్డ్ చెప్పమని అడుగుతోంది యజమాని గొంతు.

"గొంతు బాగానే పెట్టావు. అసలు యజమానివైతే మెట్లు దిగి రా" అని ఫోన్ పెట్టేసి, పెద్దాయన నావైపు గర్వంగా చూశాడు.

రెండు నిమిషాల్లో యజమాని మెట్లు దిగి వచ్చాడు. ఇంకోవైపునుంచి బాబాయి టీ కప్పులతో వచ్చాడు. పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా లేచి నిలబడ్డాడు.

బాబాయి తన కప్పు యజమాని చేతిలో పెట్టాడు. "తాగండి. మీ కంపెనీలో మొదటి తాళం ఇవాళ పడింది."

యజమాని పకపకా నవ్వేశాడు. పెద్దాయన కూడా నవ్వాడు గానీ, పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు.