కుర్చీకి కట్టిన చీటీ

తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత ఎవరో కనిపెట్టినట్టు సంబరపడకూడదు కదా.

1999 జూలైలో, ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊరి బయట ఒక ధాన్యం డిపోలో, పాత కంప్యూటరు మీద లినక్స్ ఎక్కించింది నేను. ఎక్కించేటప్పుడు అది ఏమేం ప్రోగ్రాములు కావాలని అడుగుతుంది. జాబితా చివర్న 'ఎవ్రీథింగ్' అని ఒక గడి ఉంటుంది. అమీర్‌పేటలో మూడు నెలలు ఫీజు కట్టి నేను నేర్చుకున్న లినక్స్ అంతా ఆ గడి నొక్కడమే. "అన్నీ వేస్కోండ్రి, రేపు ఏది పనికొస్తదో ఎవరికెరుక" అనేవాడు మా సారు. ఆ ఏడాది అమీర్‌పేట నుంచి విమానమెక్కినవాళ్ళలో సగంమంది, ఏ దేశంలో దిగినా ఆ గడే నొక్కి ఉంటారు. నేనూ నొక్కాను. జొన్న లారీని తూచి ఒక స్లిప్పు అచ్చువేయడమే ఆ కంప్యూటరు చేయాల్సిన పని. దాన్లోకి చదరంగం దిగింది, జపాన్ అక్షరాలు దిగాయి, ఇటాలియన్‌లో సహాయ పుస్తకాలు దిగాయి. మొత్తం ఆరువందల ప్యాకేజీలు.

ఆ కంప్యూటరుకు పెద్దదిక్కు నిస్సార్ అహ్మద్. నాకూ పెద్దదిక్కే, అప్పట్లో ఒప్పుకునేదాన్ని కాదు గానీ.

ఆయనది ప్రొద్దుటూరు. కరెంటు బోర్డు స్టోర్సులో ఇరవై రెండేళ్ళు స్టోర్ కీపరు. భార్య రుఖయ్యా ఆంటీకి టూవూంబా ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే, యాభై ఏళ్ళ వయసులో ఆవిడ వెంట వచ్చాడు. "మొగుణ్ణి పెట్టెలో పెట్టుకుని వచ్చింది" అని తన మీద తనే హాస్యమాడేవాడు. లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని రెండేళ్ళలో యునిక్స్ నేర్చాడు. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని రెండువేల సంవత్సరం భయం పట్టుకున్న రోజులు కదా, డిపోలో పాత యంత్రం పనికిరాదని తేలగానే కాంట్రాక్టు మీద ఈయన్ని తీసుకున్నారు. లారీ కాటా మీదికి ఎక్కగానే తూకం చదివి, తేమకు తగ్గించి, స్లిప్పు అచ్చువేసే ప్రోగ్రాము ఆయన సొంతంగా రాసిందే. నేను, హనుమకొండ వసంతను, ఆయనకు సహాయకురాలిని. మా ఆయన అక్కడి యూనివర్సిటీలో చదువుకుంటుంటే ఇల్లు నడిపేది నా జీతమే.

జనవరి ఒకటి వచ్చింది, వెళ్ళింది. ఏమీ కాలేదు. ఏమీ కాకుండా చూసినందుకు ఒక దండ వేయాలి నిజానికి. బ్రిస్బేన్ హెడ్డాఫీసువాళ్ళకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఏమీ కానిదానికి ఇంతమంది ఎందుకని.

ఫిబ్రవరిలో జొన్నకోతలు మొదలయ్యేసరికి డిస్కు నిండిపోయింది. రెండు గిగాబైట్లలో నూటికి తొంభై ఎనిమిది. ఇంకో వారమైతే స్లిప్పులు ఆగిపోతాయి. మా డిపో మేనేజరు గ్రెగ్ వచ్చి బల్లమీద చెయ్యి ఆనించాడు. మనిషి చెడ్డవాడు కాదు, బ్రిస్బేన్ ఫోను మోగితే మాత్రం చెడ్డవాడైపోయేవాడు.

"నిస్సార్, ఈ డబ్బా సీజన్ మధ్యలో ఆగితే కొత్తది కొనేసి నీ కాంట్రాక్టు ముగించమంటున్నారు. ఆగకపోతే ఉంచుదామంటున్నారు."

"కొనాల్సిన పని లేదు. ఇందులో అక్కర్లేనిది తీసేస్తే చాలు. నెలాఖరుకు సగం ఖాళీ చేసి చూపిస్తా" అన్నాడు నిస్సార్ అంకుల్ ఇంగ్లీషులో, కూర్చున్నచోటినుంచి లేవకుండా.

అక్కర్లేనివాటిని పీకేయడం ఎంతసేపు? నేనైతే ఒక పూటలో చేసేదాన్ని. ఆయన ఒక పొడవాటి రిజిస్టరు కొనుక్కొచ్చి స్కేలుతో గీతలు కొట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"అంకుల్, ఇదేం గవర్నమెంట్ ఆఫీసా?"

"ఔమా, అక్కడ నేర్చుకున్న పనే ఇది. స్టోర్సులో ఏ సామానైనా కండెమ్ చేయల్లంటే ఊరికే బయట పారేయకూడదు. దానికి చీటీ కట్టి నెల దినాలు పక్కన పెట్టల్ల. ఎవురన్నా వచ్చి అయ్యా అది యాడుంది అని అడిగితే, పేరు రాసుకుని ఇచ్చేయల్ల. ఎవురూ అడక్కపోతే అప్పుడు పారేయల్ల."

రిజిస్టరులో ఇంగ్లీషులో రాసిన గడులు ఇవి: సామాను పేరు, చీటీ కట్టిన తేదీ, కట్టినవారు, ఎవరికి కావాలి. ఆ ఆఖరి గడిలో మనిషి పేరు, సంతకం ఉండాల్సిందే. కంప్యూటరులో ప్రోగ్రాముకు చీటీ ఎలా కడతారంటే, దాన్ని చెరపకుండా, నడవకుండా మాత్రం చేసి ఉంచేవాడు. కావాల్సినవాడికి అది నడవదు కాబట్టి కేకేస్తాడు. కేకేస్తే ఒక్క నిమిషంలో తిరిగి నడిపించొచ్చు. నెల గడువు కోతల్లో కుదరదని పది రోజులు పెట్టాడు.

చదరంగానికి చీటీ పడింది. కేకేసింది గ్రెగ్గే. ఎర్రబడిన మొహంతో వచ్చి, మధ్యాహ్నం అన్నం వేళ ఆడుకుంటున్నానన్నాడు. నిస్సార్ అంకుల్ నవ్వకుండా రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, చదరంగాన్ని నడిపించి ఇచ్చి పంపాడు.

ఇక్కడే లినక్స్ సంగతి ఒకటి చెప్పాలి. ఒక ప్యాకేజీ తీసేయబోతే, దాని మీద ఇంకేదైనా ఆధారపడి ఉంటే అది ఒప్పుకోదు. ఫలానాది చెడిపోతుంది, తీయనని మొరాయిస్తుంది. దాని నోరు మూయించి బలవంతంగా పీకే మార్గం కూడా ఉంది. ఆదేశం చివర 'నోడెప్స్' అని ఒక మాట తగిలిస్తే చాలు. నిస్సార్ అంకుల్ ఆ మాట వాడొద్దని కాగితం మీద రాసి నా తెరకు అంటించాడు.

ఫిబ్రవరి ఇరవై ఐదు, శుక్రవారం. ఆయన జుమ్మా నమాజుకు యూనివర్సిటీలోని నమాజు గదికి వెళ్ళాడు. గ్రెగ్ పరుగున వచ్చి, సోమవారం బ్రిస్బేన్ నుంచి ఒకామె చూడ్డానికి వస్తుందని, డిస్కు ఇంకా ఎనభై ఐదు దగ్గరే ఉందేమిటని నా మీద పడ్డాడు. చీటీలకు ఇంకా మూడు రోజుల గడువుంది. నాకు ఆ రిజిస్టరన్నా చీటీలన్నా అప్పటికే చిరాకు. తెరకున్న కాగితం చింపాను. చీటీ ఉన్నవీ లేనివీ కలిపి నలభై ప్యాకేజీలు నోడెప్స్ పెట్టి పీకేశాను. చీటీ లేనివాటిలో పెర్ల్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. జొన్నల డిపోలో ప్రోగ్రాములెవరు రాస్తారులే అనుకున్నాను.

నిస్సార్ అంకుల్ తన స్లిప్పుల ప్రోగ్రాము రాసింది పెర్ల్‌లోనే. ఏడు నెలలుగా ఆయన పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కసారి కూడా దాన్ని తెరిచి చూడని ఘనురాలిని నేను. ఆయన సొంతంగా రాసింది ప్యాకేజీ కాదు. కాబట్టి ఏ జాబితాలోనూ లేదు. కాబట్టి నోడెప్స్ పెట్టకపోయినా దాని తరఫున లినక్స్ మొరాయించేది కాదు.

కాటా దగ్గర స్లిప్పు ఆగిపోయింది. పావుగంటలో పద్నాలుగు లారీలు గేటు బయటిదాకా నిలబడ్డాయి. కాటా చూసే షారన్ కిటికీలోంచి నన్ను తిట్టిన తిట్లు నేను అమీర్‌పేటలో నేర్చుకున్న ఇంగ్లీషులో లేవు.

నిస్సార్ అంకుల్ కారు దిగి, తెర ఒకసారి చూసి, తిన్నగా బీరువా దగ్గరికి నడిచాడు. రెండువేల సంవత్సరం గండానికని అచ్చేయించిన చేతిరాత స్లిప్పుల పుస్తకాలు అందులో ఉన్నాయి. గండం గడిచింది, పారేయండని బ్రిస్బేన్ రాసింది. ఆయన పారేయలేదు, వాటికీ ఒక చీటీ కట్టి ఉంచాడు. "షారన్, నీకు కావాలా ఇవి?" అని అడిగి, పేరు రాయించుకుని మరీ ఇచ్చాడు. లారీలు కదిలాయి. సీడీ పెట్టి పెర్ల్ తిరిగి ఎక్కించాడు. నలభై నిమిషాల్లో అంతా మామూలైపోయింది.

నన్ను ఒక్క మాట అనలేదు. రిజిస్టరులో మాత్రం రాశాడు: "పెర్ల్. చీటీ కట్టకుండానే, నోడెప్స్‌తో తీసినవారు వసంత." నన్ను కాపాడటానికి దాచలేదు, నా మీద చెప్పడానికి పోలేదు. జరిగింది రాశాడు, అంతే.

చదరంగానికి సంతకం పెట్టడమే తప్ప, గ్రెగ్ ఆ రిజిస్టరు ఎన్నడూ తెరిచి చదవలేదు. సోమవారం ఉదయం, బ్రిస్బేన్ నుంచి వచ్చినామె ఇచ్చిన ఉత్తరం ఒకటి తెచ్చాడు. యంత్రం సీజన్‌లో ఆగింది కనుక సిస్టం ఆపరేటరు ఉద్యోగం ఇక అవసరం లేదు, ఇక్కడ సంతకం పెట్టు. నేను అక్కడే ఉన్నాను. ఆపింది నేనని చెప్పడానికి ఒక్క మాట చాలు. నా జీతం, మా ఆయన చదువు గుర్తొచ్చి చెప్పలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

నిస్సార్ అంకుల్ ఉత్తరం రెండుసార్లు చదివాడు. సొరుగులోంచి ఒక అట్టచీటీ, పురికొస తీశాడు. చీటీ మీద రాసి, తను కూర్చునే కుర్చీ చేతికి ముడేసి కట్టాడు. రిజిస్టరులో ఎక్కించాడు: సామాను, సిస్టం ఆపరేటరు ఒకటి. చీటీ కట్టిన తేదీ, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.

"నేను సంతకం పెట్టను గ్రెగ్. నా పద్ధతిలో అయితేనే పోతాను. ముప్పై రోజులు ఇంట్లో ఉంటా. ఎవరూ కేకేయకపోతే ముప్పై ఒకటో రోజు వచ్చి నేనే సంతకం పెడతా. అంతవరకు ఈ కుర్చీ ఎవరూ కదపొద్దు."

నిస్సార్ అంకుల్ తన టిఫిన్ డబ్బా తీసుకుని, నావైపు తిరిగాడు. "రిజిస్టరు భద్రం మా" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన ప్రోగ్రాము తెరిచి చదవడం మొదలుపెట్టాను. గడువు తీరిన చీటీలను ఒక్కొక్కటీ అడిగి అడిగి తీసేశాను. డిస్కు సగానికి దిగింది. ఆయన చెప్పిన మాట నిలబడింది, ఆయన మాత్రం ఇంట్లో ఉన్నాడు.

పదకొండో రోజు, వానలు. తడి జొన్నలు. బ్రిస్బేన్ తేమ లెక్కలన్నీ మార్చి, రేపటి నుంచే కొత్త లెక్కతో స్లిప్పులు రావాలని పంపింది. గ్రెగ్ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"వసంతా, ప్రోగ్రాములో ఇది మార్చగలవా?"

పదకొండు రోజులుగా దాన్నే చదువుతున్నాను. గంట పని.

"మార్చగలను" అన్నాను. "మార్చను."

గ్రెగ్ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. సొరుగులోంచి చీటీ తీశాను. నా పేరు రాసి నా కుర్చీకి కట్టి, రిజిస్టరులో ఎక్కించాను. తర్వాత ఆ శుక్రవారం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"చదువు. ఆ రోజు యంత్రాన్ని ఆపింది నేను, నడిపించింది ఆయన. దాన్ని మొదట్లో చెత్తతో నింపింది కూడా నేనే. పంపితే నన్ను పంపు. ఆయన ప్రోగ్రాములో మాత్రం ఆయన లేకుండా నేను వేలు పెట్టను."

గ్రెగ్ నిలబడే చదివాడు. చదరంగం గడిలో తన సంతకం దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత కారు తాళాలు తీసుకుని, "ఆ పుస్తకం పట్టుకుని రా" అన్నాడు.

మేం వెళ్ళేసరికి నిస్సార్ అంకుల్ ముందుగదిలో ఆంటీ నర్సు యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు. కూర్చోమన్నాడు గానీ ఇస్త్రీ ఆపలేదు. గ్రెగ్ తడి జొన్నల సంగతి చెప్పాడు, కాటా సంగతి చెప్పాడు, సారీ అని కూడా చెప్పాడు. చేతి మడత పూర్తయ్యాక నిస్సార్ అంకుల్ పెట్టె పక్కన పెట్టి రిజిస్టరు తెరిచాడు.

"ఎవరికి కావాలో ఇక్కడ రాయి."

గ్రెగ్ 'డిపోకి' అని రాశాడు.

"డిపో మనిషి కాదు. మనిషి పేరు ఉండాలి."

కొట్టేసి, గ్రెగ్ తన పేరు రాసి సంతకం పెట్టాడు. "సరేనా? ఈ సీజన్ అయ్యేదాకా రా."

"సీజన్‌కి రాను. పర్మనెంట్ అయితే వస్తా."

"మేట్, అది బ్రిస్బేన్‌ని అడగాలి."

"అడుగు. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి" అని నిస్సార్ అంకుల్ రెండో చెయ్యి ఇస్త్రీకి అందుకున్నాడు.

బ్రిస్బేన్‌కు పంతొమ్మిది రోజులు పట్టలేదు. నాలుగు రోజులు షారన్ చేత్తో లెక్కలు కట్టి, చేత్తో స్లిప్పులు రాసి, రోజూ సాయంత్రం నేరుగా బ్రిస్బేన్‌కే ఫోను చేసి తిట్టింది. ఐదో రోజున, పర్మనెంటు చేస్తున్నామని ఉత్తరం వచ్చింది. నిస్సార్ అంకుల్ వచ్చి తన కుర్చీ చీటీ విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. గంటలో తేమ లెక్క మార్చేశాడు.

నా కుర్చీకి చీటీ అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో నాకు తెలీలేదు.

"అంకుల్, నాది తీసేయాల్నా?"

"నువ్వెట్ల తీస్తావుమా? ఎవురన్నా అడిగితేనే కదా తీసేది" అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

గ్రెగ్ గది వైపు చూశాను. తలుపు వేసి ఉంది. ఆయన్ని వెళ్ళి అడగాలా వద్దా అని నేను తేల్చుకోకముందే, నిస్సార్ అంకుల్ రిజిస్టరు తన వైపు లాక్కుని నా వరస వెతికాడు. ఎవరికి కావాలి అన్న గడిలో, స్టోర్సులో అలవాటైన గుండ్రటి చేతిరాతతో, తొందరపడకుండా రాశాడు: నిస్సార్ అహ్మద్, సిస్టం ఆపరేటరు, పర్మనెంటు. కింద సంతకం పెట్టాడు.