గూడ్సు బండి కింద దారి

మా మామయ్య రైలు డ్రైవరుగా రిటైరయ్యాడు. కాజీపేటలో మా ఇల్లు పట్టాలకు ఇవతల, మా పాప బడి అవతల. మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక గూడ్సు నిలబడి ఉంటుంది. నడకవంతెన ఉంది, కానీ అది ఎక్కడం ఆయనకు నామోషీ. వంతెనలు ఎక్కేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్లూ, వరంగల్ బజారులో కిరాణా కొట్టు ఇంట పుట్టిన నాబోటి పిరికి కోడళ్లూనట. రైల్వే ఇంటివాళ్లు రెండు వ్యాగన్ల నడుమ కొక్కెం కింద వంగి దాటాలి. అదేదో ఖాందాన్ మర్యాద అయినట్టు.

ఇదే మనిషి అన్నం ముందు కూర్చుంటే పట్టాలు దాటేవాళ్లను నోటికొచ్చినట్టు తిడతాడు. "సచ్చేటోళ్లు సస్తరు, పాపం నా నెత్తికి చుడ్తరు" అంటాడు. ఆయన బండి కింద ఎవరో పడ్డ రోజున అన్నం ముట్టలేదని అత్తమ్మ చెబితే మొదట్లో జాలిపడ్డాను. తర్వాత తెలిసింది, చెప్పేవి శ్రీరంగనీతులు, దూరేది గూడ్సు కిందికి.

పాపను బడికి దింపే పని ఆయనది. వంతెన మీదుగానే తీసుకుపోతానని నాకు మాటిచ్చాడు. ఒక పొద్దున పాప టిఫిన్ డబ్బా మరిచిపోతే వెనకాలే పరుగెత్తాను. చూస్తే ఆయన అప్పటికే బండికి అవతల ఉన్నాడు. అటునుంచి వంగి పాప చెయ్యి పట్టి లాగుతున్నాడు. పాప బ్యాగుతో సహా కొక్కెం కింద ఉంది.

"మామయ్యా, ఆగుండ్రి!" అని అరిచాను.

"సిగ్నల్ ఎర్రగున్నది కనబడ్తలేదా? గిది ఇప్పట్ల కదలది. నీకెందుకు ఫికర్?"

ఆ మాట పూర్తికాకముందే దూరం నుంచి ధన్ ధన్‌మని ఒక్కో వ్యాగనూ అదురుకుంటూ వచ్చింది. అవతలి కొసకు ఇంజిను తగిలించారని తర్వాత తెలిసింది. పాప బ్యాగు పట్టుకుని వెనక్కి గుంజాను. ఆయన చెయ్యి వదిలాడు కాబట్టి సరిపోయింది. ఇద్దరం కంకర మీద పడ్డాం. చక్రం గజం దూరం దొర్లి ఆగింది.

"ఏం కాలే కదా, ఎందుకట్ల ఒర్రుతానవ్?" అన్నాడు అటునుంచే.

సాయంత్రం పక్కింటివాళ్లకు అదే కథ చెప్పాడు. గూడ్సు కదిలితే కోడలు కంకరలో వెల్లకిలా పడ్డదని. అందరూ నవ్వారు. నా మొగుడూ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రేపటినుంచి నా బిడ్డ చెయ్యి మీరు పట్టుకోవద్దని అందరి ముందే మామయ్యకు చెప్పేశాను.

"జర ఊకో, బాపు మనసు నొచ్చుకుంటడు" అన్నాడు మా ఆయన.

"నొచ్చుకోనియ్యి. మనసు నొస్తే మనిషి సావడు."

మామయ్య నాతో మాట్లాడడం మానేశాడు. మానితే మానె. పాపను నేనే వంతెన మీదుగా తీసుకుపోతున్నాను. ఆయన మాత్రం ఇప్పటికీ పేపరు కొనడానికి బండి కిందినుంచే పోతాడు. కొన్నాళ్లు "పైలం మామయ్యా" అని వెనకనుంచి జాగ్రత్త చెబుతూ కేకేసేదాన్ని. ఇప్పుడు తలుపు వేసుకుంటున్నాను.