కళ్లకద్దుకున్న గోధుమలు

అమ్మాయి కాన్పుకని న్యూజెర్సీ వచ్చిన కొత్తలో, అమ్మాయీ నేనూ న్యూయార్క్‌లో గ్రీకువాళ్ల బజారు చూడ్డానికి వెళ్లాం. ఆలివ్ కాయల పీపాలు దాటాక, ఒక కొట్టు ముందు నల్లగౌను ముసలామె చక్కెర, దానిమ్మ గింజలు కలిపిన ఉడికించిన గోధుమలు పంచుతోంది. ప్రసాదమనుకుని కళ్లకద్దుకుని, ముందు అమ్మాయి నోట్లో పెట్టాను.

ముసలామె ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అమ్మాయి ముఖం పాలిపోయింది.

"అమ్మా, ఇది చనిపోయినవాళ్ల పేరు మీద పెడతారట. వీళ్లమ్మాయి డెలివరీలో పోయిందట."

చేతిలో మిగిలిన గోధుమలు గుప్పిట్లో దాచేశాను. ముసలామె మాత్రం అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుంది.

కాన్పయ్యేదాకా నాకు కంటిమీద కునుకు లేదు. మనవరాలు క్షేమంగానే పుట్టింది. అన్నప్రాశన నాడు, పేరైనా తెలియని ఆ గ్రీకు పిల్ల కోసం మొదటి ముద్ద పక్కన పెట్టాను.

అమ్మాయి దాని మీద నాలుగు దానిమ్మ గింజలు వేసింది.