అత్త చెవిన పడ్డ అడుగులు

మొన్న తిరుపతిలో ఒక టీ అంగడి ముందు వ్యాను ఆపుకుని, టవళ్ళ మూటలు దింపుకునే మనిషి కోసం ఎదురుచూస్తున్నాను. పక్క బల్ల మీద ఒక కోచ్ గారు పలకంత ఫోను చేతిలో పట్టుకుని, ఎవరో అమ్మానాన్నలకు వాళ్ళ పిల్లవాడి పరుగు చూపిస్తున్నాడు. పిల్లవాడి మోకాలి మీద పచ్చగీత, నడుము మీద ఎర్రగీత, తల చుట్టూ ఒక సున్నా. "ఈ కోణం కొంచెం తగ్గాలండీ" అంటున్నాడు. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానో బడే నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు గానీ, కోణాల పాఠం రాకముందే మేమిద్దరం విడిపోయాం. అందుకే నా కంటికి ఆ పిల్లవాడి మీద ఎవరో ముగ్గు వేసినట్టుంది. నవ్వొచ్చింది. అంతలోనే మా అత్త గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక్క గీత గీయకుండా, అసలు కన్నెత్తి చూడకుండా, ఒక పిల్ల పరుగులో తప్పెక్కడుందో చెప్పిన మనిషి ఆమె.

అత్త అంటే నా భార్య తల్లి. అంతకుముందే మా మేనమామ భార్య. చెడ్డీల నాటి నుంచి నన్ను తిట్టిన మనిషి కాబట్టి, పెళ్ళయ్యాక కొత్తగా మర్యాదలు మొదలుపెట్టడానికి ఇద్దరికీ సిగ్గేసింది. నగరిలో మా ఇంట్లో నాలుగు మరమగ్గాలున్నాయి. వాటి మోత మధ్య నలభై ఏళ్ళు నిలబడ్డ చెవులు ఆమెవి. మాట సరిగ్గా వినబడదు. ఆమెను అన్నానికి పిలవాలంటే వీధి వీధంతా అన్నానికొచ్చేంత గట్టిగా పిలవాలి. అటువంటి మనిషి, నాలుగు మగ్గాలూ ఒకేసారి ఆడుతుంటే వంటింట్లో పోపు వేస్తూ, "మూడోది సూడబ్బా, నాడె సోమరిపోతా ఉండాది" అనేది. నాడె అంటే పేక నూలు మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే కదురు పెట్టె. వెళ్ళి చూస్తే నాకేమీ తేడా కనిపించేది కాదు. 'చెవుడు ముదిరింది పాపం' అనుకుని వెనక్కి తిరిగేలోపల దారం తెగేది.

అప్పుడు మా కూతురు పదో తరగతి. లాంగ్ జంప్ దూకేది. మా వంశంలో గోడలు దూకినవాళ్ళున్నారు గానీ ఇసుకలో దూకినవాళ్ళు ఎవరూ లేరు, ఆ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. రెండు నెలల్లో తిరుపతిలో స్పోర్ట్స్ హాస్టలు ఎంపికలు. సీటొస్తే తిండి, చదువు, కోచింగు అన్నీ అక్కడే. ఆ ఏడాది దాటితే వయసు దాటిపోతుంది. పిల్ల దూరానికేం కొదవ లేదు. ఎగిరితే పక్షే. కానీ ఎగిరే ముందు కాలు పెట్టాల్సిన తెల్ల చెక్క ఒకటుంటుంది. దాన్ని బొటనవేలంత దాటినా ఎర్రజెండా ఊపి ఫౌల్ అంటారు. అంతకుముందు రెండు పోటీల్లో మూడేసి దూకులూ ఎర్రజెండాలే. "ఈసారీ ఫౌలయితే మగ్గం మీదికే వచ్చేస్తా నాయనా" అంది ఒకరోజు, మామూలుగా, నీళ్ళు తాగుతూ. నేను ఏడో తరగతిలో ఇంత మామూలుగానే అన్నాను ఆ మాట.

ఊరుకున్నామా? డ్రిల్లు సారూ నేనూ కలిసి వైద్యం మొదలుపెట్టాం. చెక్క దాటిందంటే పరుగు మొదలుపెట్టే గుర్తును ఒక అడుగు వెనక్కి జరపడం. మర్నాడు చెక్క అందలేదంటే అర అడుగు ముందుకు. బస్సులో సీటుకు టవలు వేసినట్టు, రోజుకొక చోట ఆ గుర్తు. ఆ రోజుల్లో అది తిరిగినంత దూరం నా వ్యాను కూడా తిరిగుండదు.

ఒక ఆదివారం పొద్దున సారు మా ఇంటికొచ్చాడు. వసారాలో కూర్చుని, ఫోనులో తీసిన మూడు వీడియోలు వేసుకుని చెక్క దగ్గర ఆపి, ముందుకు జరిపి, మళ్ళీ ఆపి, పెద్ద డాక్టర్లలాగా తలలు ఆడిస్తున్నాం. అత్త పక్కనే గోడకానుకుని అనపకాయలు వలుస్తోంది. మా తలలు చూసి విసుగొచ్చిందో ఏమో, "ఆ ఫోను ఇట్ల తే" అంది. తీసుకుని చూడలేదు. చెవి వెనక ఎముకకు అదిమి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎవురితో మాట్లాడతా ఉండావత్తా? ఆ పక్క ఎవురూ లేరే!" అన్నాను.

"నోరు మూసుకోని రెండోది పెట్టు."

రెండోది, మూడోది, మళ్ళీ మొదటిది. ఇంకో చేతిలో అనపగింజ ఒకటి అట్లాగే ఉండిపోయింది. చివరికి కళ్ళు తెరిచి, "తప్పు సెక్క కాడ లేదు" అంది.

"మరి యాడుండాది?" నేను అరిచాను.

"లేసేకాడ, పరుగు మొదులుపెట్టేకాడ. ఒకసారి తడబడి లేస్తాది, ఒకసారి ఎవురో తరిమినట్ట లేస్తాది. నాలుగో అడుగు దాకా మూడు తూర్లూ మూడు రకాలు. ఆడ్నించి సక్కంగానే పోతాది."

సారు చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. చెవి దగ్గరికి వంగి నవ్వుతూ, "అవ్వా, అది పరుగు. మగ్గం కాదు" అన్నాడు.

అత్త కూడా నవ్వింది. "దారం తెగేది నీ కండ్ల ముందర తెగతాది సారూ. ముడి మటుకు యానక బీములో ఉంటాది, పడుగు సుట్టేటప్పుడే పడింటాది. తెగినకాడ ముడేసుకుంటా కూసుంటే గుడ్డంతా ముళ్ళే." పడుగంటే నిలువు దారాలు, వాటిని చుట్టి మగ్గం వెనక బిగించే పెద్ద కడ్డీ బీము.

సారు ఫోను తీసుకుని ఈసారి చెక్కను వదిలేసి మొదటి అడుగులు చూశాడు. మూడు వీడియోలూ చూశాడు. ఇద్దరం కలిసి వారాల తరబడి చూసింది పరుగు చివరి గజాన్నే!

ప్రణాళిక కూడా ఆమెదే. ఇరవై రోజులు దూకడం బంద్. పొద్దున్నే వీధిలో మగ్గాలు మొదలవకముందు, మా సిమెంటు సందులో నాలుగే నాలుగు అడుగులు. అత్త గడప ముందు సందుకు వీపు పెట్టి కూర్చుని, అరచెయ్యి సిమెంటు మీద బోర్లా ఆనించేది. పిల్ల లేచి నాలుగడుగులు వేసి ఆగేది. "సరి" అనో "కాదు" అనో ఒక్క మాట. మళ్ళీ. పాలు తెచ్చేవాళ్ళు సైకిలు ఆపి మరీ చూసేవాళ్ళు. మూడో రోజు మా అమ్మాయికి ఏడుపొచ్చింది. "దూకాల గదవ్వా నేను! నాలుగడుగులేస్తే సీటిస్తారా?"

"దూకేది నీకొచ్చు పాపా. వచ్చింది ఎన్నితూర్లు నేర్సుకుంటావు? లెయ్యి."

నాకు అనుమానప్పురుగు ఊరుకోదు. ముసలామె ఊరికే నోటికొచ్చింది అంటోందేమోనని, ఒకరోజు సుద్దముక్క తెచ్చి నాలుగో అడుగు పడ్డచోటల్లా గీత గీశాను. ఆమెకు చెప్పలేదు, వీపు మావైపే ఉంది. "సరి" అన్న గీతలన్నీ ఒకదాని మీద ఒకటి, వేలెడు తేడాలో. "కాదు" అన్నవి జానెడు ఇటు, జానెడు అటు. ఇంకో రెండు రోజులు గీశాను. అదే. ఎక్కడైనా ఒక్కసారి తప్పితే ఏడిపిద్దామని ఆశగా వెతికాను. దొరకలేదు. చేతిలో సుద్దముక్కతో సందు మధ్యలో గొంతుక్కూర్చుని ఆ గీతల్నీ, ఆ నెరిసిన కొప్పునీ మార్చి మార్చి చూశాను. ఇన్నేళ్ళూ చెవిటిదని ఎగతాళి చేసింది ఎవరిని రా, అనిపించింది. ఆ రోజు ఒక్క జోకు కూడా వెయ్యలేదు. జ్వరమొచ్చిందేమోనని మా ఆవిడ నుదురు తాకి చూసింది.

తరువాత పది రోజులు బడి మైదానంలో పూర్తి పరుగు. గుర్తు ఒకసారి పెట్టాక మళ్ళీ కదపలేదు.

ఎంపికల రోజు వ్యానులో అత్త కూడా ఎక్కింది, చిత్రాన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని. మైదానంలో పరుగుదారి పక్కన తాడు కట్టారు. తాడుకు ఆనుకుని చాప పరిచి, పరుగుదారికి వీపు పెట్టి కూర్చుంది. చుట్టుపక్కల వాళ్ళు ఒకటే నవ్వు. "అవ్వా, ఆట ఈ పక్క ఉండాది!" అన్నాడొకాయన. నేను భుజం పట్టి తిప్పబోతే చెయ్యి మీద ఒకటి వేసింది.

మొదటి దూకు ఎర్రజెండా. నేర్చుకున్నదంతా అక్కడే మర్చిపోయి, "పాపా, అరడుగు యానక్కి జరుపు!" అని తాడు మీదికి వంగి అరిచాను. మా అమ్మాయి నన్ను చూసింది. తరువాత వాళ్ళవ్వ వీపును చూసింది. "జరిపేది లేదు నాయనా. లేసింది తప్పు" అని చెప్పి వెళ్ళిపోయింది. రెండోసారి తెల్లజెండా. దూరం చాలీచాలనిది. మూడోసారి గుర్తు దగ్గర అది నిలబడిన తీరు వేరు. సందులో నిలబడినట్టు నిలబడింది. నాలుగడుగులు పడ్డాయి. ఆ తరువాత నేను చెక్కను చూడాల్సిన పని లేకపోయింది. పాదం చెక్క మధ్యలో పడింది. పిల్ల గాలిలో ఉన్నంతసేపూ మైదానమంతా నోరు తెరుచుకుని నాతోపాటే ఊపిరి బిగబట్టినట్టనిపించింది. మధ్యాహ్నం గోడకు అంటించిన జాబితాలో పేరుంది.

తిరుగు దారిలో మా అమ్మాయి వెనక టవళ్ళ మూటల మీద నిద్రపోయింది. పుత్తూరు దాటాక ఉండబట్టలేక గట్టిగా అడిగాను. "అత్తా, మూడోది ఎట్ల ఇనబడినాది?"

"యాడబ్బా! అంతా మెత్తనేల. ఆ మైకోడు గొంతు సించుకుంటా ఉండె. ఒక్కడుగు గూడా అందలేదు."

"మరి ఎండలో వీపు తిప్పుకోని ఎందుకు కూసున్నావు?"

అత్త ఒళ్ళోని గిన్నె మీద మూత సర్దింది. "నా మొగంలో బయముండె అల్లుడా. తిరిగి కూసుంటే అది సూస్తాది. వీపయితే మన సందే అనుకుంటాదిలే అని."

నేను గేరు మార్చాను. ఆ రోజు పిల్ల ఎంత దూరం దూకిందని ఇప్పుడు అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో కొలత చెప్తారు. ఇన్నేళ్ళ కాలం ఆ దూరాన్ని మెల్లగా చెరిపేసింది గానీ, అంతమంది నవ్వుల మధ్య ఎండకు కాలుతూ కూర్చున్న ఆ ముసలి వీపును మాత్రం నా కళ్ళలో నుంచి ఒక్క అంగుళం కూడా కదపలేకపోయింది.