పసుపా, నారింజా

గద్వాలలో చీరలు నేసే జములమ్మ సాయంత్రాలు జూరాల డ్యామ్ గట్టుకు వెళ్లి, సముద్రపు పిట్టల చుట్టాలైన టెర్న్‌లను బైనాక్యులర్‌లో చూస్తుంది. అక్కడ రెండు జాతులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. చలికాలంలో దూరం నుంచి ముక్కే ఆధారం: మామూలుదానికి పసుపు, అరుదైనదానికి నారింజ. నిన్న నారింజ ముక్కు కనిపించిందని పిట్టల గ్రూపులో పెట్టింది. తన పేరున మొదటిసారి ఒక అరుదైన పిట్ట నమోదవుతుంది. రేపు హైదరాబాదు నుంచి చూడటానికి వస్తున్నారు.

ఈ సాయంత్రం కూడా పిట్ట నీళ్లలో నిన్నటి బండ మీదే ఉంది. ముక్కు నారింజగానే ఉంది. జములమ్మ కొంగు ముడి విప్పి, మగ్గం దగ్గర నుంచి తెచ్చిన పట్టుపోగును ఎండకు పట్టింది. రెండూ ఒకటే రంగు.

"కలిసిందా?" అన్నాడు భర్త గోవిందు, బండి దిగకుండానే.

"కలిసింది."

"మరి మొహం గట్ల పెట్టినవేందే?"

"నేను తెచ్చింది పసుపు పోగయ్యా."

గోవిందు పకపకా నవ్వాడు. "పిట్టకు రంగేసి పట్నమోళ్లను పిలిచినవా?"

ఆమె నవ్వలేదు. ఫోన్ తీసింది.

"రేపు రాకున్రి సార్. అది మామూలు పిట్టనే. నేను సూసిన రంగు దానిది గాదు, పొద్దుది."

ఫోన్ పెట్టేసి, పొద్దు దిగేకొద్దీ ఆ ముక్కు ఇంకెన్ని రంగులు మారుతుందో చూస్తూ గట్టు మీదే కూర్చుంది.