చౌక్‌లో దోసెడు నీళ్ళు

దయ్యాలను నేను నమ్మను. మా బాన్సువాడ పాత అడ్డా కూలగొట్టి కొత్త చౌక్ కట్టినవాళ్ళు "పచ్చదనం వస్తది" అంటేనే నమ్మనివాణ్ని, దయ్యాలనేం నమ్ముతాను?

ముందు ఆ చౌక్ సంగతి చెప్పాలి, కడుపు మండిపోతోంది. విమానం దిగేంత జాగా, మొత్తం నల్ల గ్రానైట్. మే నెలలో దానిమీద జొన్నరొట్టె వేస్తే పొంగుతుంది. ఫౌంటెన్ ఉంది, ప్రారంభం రోజు ఒక్కసారి నీళ్ళు చూసింది. చెట్టు లేదు. నీడంటూ ఉంటే 'ఐ లవ్ బాన్సువాడ' అనే ఎర్ర అక్షరాలదే.

పాత అడ్డాలో ఒక అవ్వ ఎండాకాలమంతా పెద్ద మట్టి రంజన్లు పెట్టి, దారినపోయేవాళ్ళకు నీళ్ళు పోసేది. గ్లాసిచ్చేది కాదు, దోసిలి పట్టమనేది. ఏ ఊరో చెబితేనే చెంబు వంచేది. చౌక్ పనులు మొదలవగానే ఆమెను లేపేశారు. ఆ చలికాలమే పోయింది. పాడె వెంట నేనూ నడిచాను.

పోయిన మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మా అక్క బిచ్కుంద నుంచి వచ్చింది. షుగరు మనిషి. చౌక్ మధ్యలో కూలబడింది. "తమ్మీ, నాలిక పీక్కపోతుందిరా" అంది. ఒంటిమీద చెమట చుక్క లేదు, కళ్ళు తేలేస్తోంది. అక్షరాల పక్కన జానెడు నీడలో కూర్చోబెట్టి నీళ్ళకు ఉరికాను. చుట్టూ రెయిలింగ్, దుకాణాలన్నీ అవతల. క్వింటాలు బరువున్న నేను ఆ రెయిలింగ్ దూకాను.

బాటిల్‌తో వచ్చేసరికి అక్క నిటారుగా కూర్చుని ఉంది. మూతి తడి. మోచేతుల దాకా తడి.

"ఎవరు పోసిండ్రే?"

"గా అవ్వ. ఏ ఊరంటే బిచ్కుంద అన్న. 'గంత దూరంకెళ్ళి ఉత్త చేతులతోని వస్తివా, సీసన్న తెచ్చుకోవద్దా' అని తిట్టుకుంటనే పోసింది. గింతల్నే ఏడికి పోయింది?"

వాచ్‌మన్‌ను అడిగాను. "ఎవ్వలు రాలేదన్నా. నువ్వు రేలింగ్ దూకుడు చూసుకుంట నవ్వుతున్న" అన్నాడు.

దవాఖానలో డాక్టరు, కాస్త ఆలస్యంగా నీళ్ళు పడుంటే మనిషి దక్కేది కాదన్నాడు. ఎండదెబ్బకు అక్కకు పాత జ్ఞాపకం లేచిందనుకుందాం. జ్ఞాపకం మోచేతులు తడుపుతుందా?

మర్నాడే చౌక్ పనులు చూసే ఆఫీసుకు వెళ్ళాను. ఎండకు మనుషులు చచ్చేట్టున్నారు సార్, నాలుగు రంజన్లు పెట్టండి అన్నాను. డిజైన్‌లో లేదన్నాడు అక్కడి ఆఫీసరు. నాకు ఒళ్ళు మండింది. మరి నిన్న అక్కడే మా అక్కకు ఒకామె నీళ్ళు పోసి బతికించింది కదా అని అరిచాను.

"ఎవలి పర్మిషన్‌తోని పోసింది? పేరు చెప్పుర్రి" అని పెన్ను తీశాడు.

 లేచి వచ్చేశాను. ఆ నీళ్ళు ఎక్కడివో నాకిప్పటికీ అంతుపట్టలేదు. పేరు మాత్రం తెలుసు, ఎవరికీ చెప్పను. చెబితే ఆమెను అక్కణ్ణుంచి మళ్ళీ లేపేస్తారు.