బురుల్చా గుర్రం కొండ దిగిన రోజు

బురుల్చా విడాకులకు సిద్ధమవుతోందని ఇద్దరికే తెలుసు. ఒకరు బురుల్చా, రెండోవారు నారిన్ పట్నంలోని వకీలమ్మ. భర్త మెదెర్‌కు తెలియదు. గుర్రాల మీద మేక కళేబరాన్ని లాక్కునే ఆట తప్ప అతనికి ఇంకేమీ తెలియదు. ఆ ఆట గుర్రం కోసం మొదట ఆమె చెవికమ్మలు అమ్మాడు, తరవాత పాడి ఆవును అమ్మాడు, అదేమిటని అడిగినందుకు జీను పట్టీతో వీపు మీద వాతలు తేల్చాడు. మగాడన్నాక గుర్రప్పిచ్చి ఉండదా అని ఊరంతా అతని పక్షమే. ఊరికేం, వాతలు ఊరి వీపు మీద లేవు కదా.

వకీలమ్మ కరకు మనిషి. ఏడవడం తరవాత, ముందు ఏది ఎవరి పేరున ఉందో చెప్పమంది. చెబుతూ పోతే బురుల్చాకే నవ్వొచ్చింది. ఇల్లు అత్త సూరాకాన్ పేరున, గొర్రెలు మెదెర్ పేరున. కుట్టుపని డబ్బు బ్యాంకులో వేద్దామంటే అక్కడ కూర్చునేది మెదెర్ మేనత్త కూతురు. పొద్దున వేస్తే మధ్యాహ్నం టీ వేళకు అత్త చెవిన పడుతుంది.

"పుట్టింటివాళ్ళు ఇచ్చింది ఏమీ లేదా?" అని అడిగింది వకీలమ్మ.

ఉంది. కూతురు ఐకనిష్ పుట్టినప్పుడు తండ్రి చాటుగా ఇచ్చిన ఆడ గుర్రప్పిల్ల. అల్లుడి సంగతి అప్పటికే ఆయనకు అర్థమైంది కాబోలు, ఎవరికీ చెప్పొద్దని కనుమ అవతల మంద మేపుకునే స్నేహితుడు ఓస్మోన్‌కుల్‌కు అప్పగించాడు. తండ్రీ అన్నా పోయాక బురుల్చాకు పుట్టిల్లంటే ఆ ముసలాయనే. ఆ పిల్ల ఇప్పుడు పెరిగి బలిసిన ఎర్ర గుర్రం, దాని వెంట ఇంకో పిల్ల.

"అది నీ ఒక్కదానిదే. ముందు దాన్ని అమ్మి డబ్బు చేతిలో పెట్టుకో, తరవాత కాగితం వేద్దాం. ఉత్త చేతులతో కోర్టు మెట్లెక్కినదాన్ని ఎవర్నైనా చూడు, చలికాలం వచ్చేసరికి మళ్ళీ మొగుడి గడప దగ్గరే ఉంటుంది" అంది వకీలమ్మ.

పట్నంలో గది, తలుపు పక్కన కుట్టుమిషన్, బడికి వెళ్ళే ఐకనిష్. బురుల్చా ఆశ అంతే. కనుమ దాటే లారీ అతనితో ఓస్మోన్‌కుల్‌కు కబురు పెట్టింది, ఆదివారానికి గుర్రాన్ని దింపుకురమ్మని. సంతకని చెప్పలేదు. గోడలకు చెవులుంటాయి, ఆ లోయలో కొండలకూ ఉంటాయి.

తానొకటి తలిస్తే దైవం ఇంకొకటి తలిచాడు. శుక్రవారం సూరాకాన్ టీ తాగుతూ పక్కకు ఒరిగి, మళ్ళీ లేవలేదు. ఆమె చెడ్డదేమీ కాదు. కొడుకు వాతలు తేల్చిననాడు కోడలి వీపుకు గొర్రె కొవ్వు రాసింది. రాస్తూ, ఓర్చుకో, మేమంతా ఓర్చుకోలేదా అంది.

వాకిట్లో నమ్దా గుడారం, గొర్రె ఉన్ని ఒత్తి చేసిన మందపాటి గోడలతో, లేచింది. శవం పక్కన కోడళ్ళు తలుపుకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని, వచ్చినవాళ్ళ అడుగుల చప్పుడు వినగానే శోకాలు ఎత్తుకోవాలి. పాతిపెట్టేదాకా ఇటు తిరగకూడదు. ఆదివారం వచ్చింది. సంతకు వెళ్ళాల్సిన మనిషి గోడను చూస్తూ కూర్చుంది.

బయట పెద్దలు, వచ్చినవాళ్ళకు చావు భోజనం పెట్టాలంటే ఆచారం ప్రకారం గుర్రాన్ని కోయాలంటున్నారు. ఇంటికున్నది ఆట గుర్రం ఒక్కటే. తల్లి కోసమైనా దాని మీదికి మెదెర్ చెయ్యి రావడం లేదు. ఆ నసుగుడంతా నమ్దా వెనక నుంచి బురుల్చాకు వినిపిస్తూనే ఉంది.

అప్పుడు వినిపించింది, దూరం నుంచే "అయ్యో మా అక్కా" అని ఏడుస్తూ వచ్చే ముసలి గొంతు. వెంట ఒక గుర్రం సకిలింపు, దానికి బదులుగా పిల్ల కూత. దారిలో చావు కబురు విన్న ఓస్మోన్‌కుల్‌కు, గుర్రాన్ని ఎందుకు దింపమందో ఇంకొకరు చెప్పాల్సిన పనే లేకపోయింది. వియ్యంకురాలు పోతే పుట్టింటివాళ్ళు ఉత్త చేతులతో వస్తారా?

"బురుల్చా పుట్టింటి తరఫున తెచ్చాను. తనే కబురు పెట్టింది" అన్నాడు, ఊరంతా వినేలా.

బురుల్చా లేవబోయింది. మెదెర్ మేనత్త బూబిష్ భుజం పట్టి కూలేసింది.

"నాది పిన్నీ. ఆ గుర్రం నాది" అంది బురుల్చా.

"నీదేనే తల్లీ. నీది కాబట్టేగా ఇంత పేరు. ఇలాంటి కోడలు ఎవరికుంది?" అంది బూబిష్. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆనందంతో ఏడ్చారు.

బయట పెద్దలు అరచేతులు చాచి దీవెన చదివి ముఖాలు తుడుచుకున్నారు. దీవెన పడ్డాక గుర్రాన్ని కోయడమే, వెనక్కి తోలడం ఉండదు. పిల్లను సంవత్సరీకానికి మేపమని మెదెర్ గొర్రెల దొడ్లో కట్టించారు. ముసలాయన మీద కోపం తెచ్చుకుందామన్నా బురుల్చాకు రాలేదు. కక్కలేక మింగలేక, నమ్దాకు నుదురు ఆనించింది.

కాసేపటికి అవతలి నుంచి, సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా, మెదెర్ గొంతు వినిపించింది. ఏడుస్తున్నాడు, నిజంగానే.

"బురుల్, మా అమ్మ కోసం ఇన్నేళ్ళూ దాచావా? నా గుర్రం ప్రాణం కూడా నిలబెట్టావు. నీ విలువ నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. చచ్చేదాకా నిన్ను వదలను."

ఇంకో ఊరివాళ్ళు దిగుతున్న చప్పుడైంది. బూబిష్ మోచేత్తో పొడిచింది. బురుల్చా గోడను చూస్తూ శోకం ఎత్తుకుంది. అత్త కోసం అంతలా ఏడ్చిన కోడలిని చూడలేదని ఆ లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు.